చిగుళ్ల వాపు: ఉప్పునీళ్లతో తగ్గి మళ్లీ వస్తోంది, ఇంట్లో ఏం సరిచేసుకోవాలి?

కిటికీపక్కసీటు

రెండుచోట్ల చిగురు వాచింది. ఒకటి కింది ముందు పళ్ల లోపలివైపు, నాలుక తగిలే చోట. అక్కడ నొప్పి లేదు గానీ బ్రష్ తగిలితే చాలు రక్తం. రెండోది కుడివైపు కింది చివరి దవడ పన్ను వెనక. అక్కడ నమిలితే నొప్పి, నోరు బాగా తెరిస్తే దవడ పట్టేసినట్టుంటుంది. జ్వరం లేదు, బయటికి బుగ్గ వాపూ లేదు. ఉప్పునీళ్లు పుక్కిలిస్తే రెండు మూడు రోజుల్లో సర్దుకుంటుంది. మానేసిన వారం పదిరోజులకి మళ్లీ మొదలు.

రక్తం వచ్చే చోట బ్రష్ చెయ్యడం ఆపాలా? ఉప్పు కొలత ఎంత? మౌత్‌వాష్‌లలో ఏది పనికొస్తుంది? డాక్టర్ దగ్గరికి వెళ్లకుండా ఎంతవరకు ఆగొచ్చు? "శుభ్రంగా ఉంచుకోండి" అని వదిలెయ్యకుండా ఎలాగో చెప్తే మేలు.

పాచి_గార

మీరు రాసినది ఒకే వాపు రెండుచోట్ల రావడం కాదండీ, రెండు వేర్వేరు సంగతులు. చివరి పన్ను గురించి తెలిసినవాళ్లు రాస్తారు, నేను ముందు పళ్ల వరకు చెప్తాను.

బ్రష్ ఆపకండి. రక్తం వచ్చే చోటే బ్రష్ తగలాలి. దాదాపు అందరూ చేసే తప్పు ఇదే: రక్తం చూసి ఆ నాలుగు పళ్లూ వదిలేసి మిగతావి తోముతారు. వదిలేసిన చోట పాచి పెరుగుతుంది, వాపు పెరుగుతుంది, వాచిన చిగురు ఇంకా తేలిగ్గా చిట్లుతుంది. అప్పుడు ఇంకా భయపడి ఇంకా దూరంగా తోముతారు.

పాచి అంటే తిండి మిగులు కాదు. చిగురు అంచున పన్ను మీద గోటితో గీస్తే తెల్లగా, జిగటగా వచ్చే పొర అది. బ్యాక్టీరియా తమ చుట్టూ తామే జిగురు కట్టుకుని అందులో ఉంటాయి. వాటిని ఎదుర్కోవడానికి ఒళ్లు అక్కడికి రక్తం ఎక్కువగా పంపిస్తుంది, సన్న రక్తనాళాలు ఉబ్బుతాయి, చిగురు లోపలి పొర పలచబడుతుంది. మీరు చూస్తున్న ఎరుపు, వాపు, రక్తం మూడూ అందువల్లే. 1965లో డెన్మార్క్‌లో హరాల్డ్ లోయె బృందం చిగుళ్లు బాగున్న 12 మంది చేత పళ్లు తోమడం పూర్తిగా మాన్పించి చూసింది. 10 నుంచి 21 రోజుల లోపు అందరికీ చిగుళ్లు వాచాయి. మళ్లీ తోమడం మొదలెట్టాక దాదాపు వారంలో మామూలయ్యాయి. మందు ఏదీ వాడలేదు.

మీ ఉప్పునీళ్లతో తిరకాసు కూడా ఇక్కడే ఉంది. ఉప్పునీళ్లు వదులుగా ఉన్న మడ్డిని కడుగుతాయి, చిగురుకి హాయినిస్తాయి, వాపు కాస్త దిగుతుంది. కానీ జిగురు కట్టిన పొర పుక్కిలిస్తే ఊడదు. గచ్చుకి అంటుకుపోయిన జిడ్డు మీద నీళ్లు చల్లినట్టే, రుద్దితేగానీ పోదు. మానెయ్యగానే తిరగబెట్టడం అందుకే.

ఇక రుద్దడం. కుచ్చులు మెత్తగా, తల చిన్నగా ఉన్న బ్రష్ తీసుకోండి. పిడికిలితో కాదు, పెన్ను పట్టుకున్నట్టు మూడు వేళ్లతో పట్టుకోండి, బలం దానంతటదే తగ్గుతుంది. కుచ్చులు పన్నుకీ చిగురుకీ కలిసే గీత మీద 45 డిగ్రీల వాలులో ఆనాలి. కింది పళ్లకి కుచ్చుల మొన కిందికి, పై పళ్లకి పైకి. సగం కుచ్చు పన్ను మీద, సగం చిగురు అంచు మీద. అలా ఆనించి, మొనలు అక్కడి నుంచి కదలకుండా, చెయ్యి వణికినంత చిన్నగా ముందుకీ వెనక్కీ ఆడించండి, 15 నుంచి 20 సార్లు. అప్పుడు కుచ్చు మొనలు చిగురు అంచు కిందికి కొద్దిగా, మహా అయితే ఒక మిల్లీమీటరు దాకా, వెళ్తాయి. తర్వాత పక్క రెండు మూడు పళ్లకి జరపండి. అమెరికాలో చార్లెస్ బాస్ 1948లో రాసిన పద్ధతి ఇది, చిగుళ్ల వాపుకి ఇప్పటికీ ఎక్కువగా నేర్పేది ఇదే. పళ్ల మీద రంపం కోసినట్టు అడ్డంగా లాగితే పన్ను మధ్యభాగం మెరుస్తుంది, చిగురు గీత దగ్గర పాచి అలాగే ఉండిపోతుంది.

మీ కింది ముందు పళ్ల లోపలివైపు బ్రష్ అడ్డంగా పట్టదు. నిలువుగా నిలబెట్టి తల చివరి కుచ్చులతో ఒక్కో పన్నునీ విడిగా చెయ్యాలి. గడ్డం కొద్దిగా దించి అద్దంలోకి చూస్తూ చేస్తే ఎక్కడ తగులుతోందో తెలుస్తుంది.

ఎంత నొక్కాలో తెలియకపోతే వంటింట్లో డిజిటల్ తూకం ఉంటే దానిమీద బ్రష్‌తో నొక్కి చూడండి. 150 గ్రాముల చుట్టుపక్కల చూపించాలి. చాలామంది మొదటిసారి దీనికంటే ఎక్కువే నొక్కుతారు. నెల తిరక్కుండానే కుచ్చులు పక్కలకి విచ్చుకుంటున్నాయంటే నొక్కుడు ఎక్కువైనట్టే. లేకపోతే మూడు నెలలకి ఒకసారి మార్చండి.

రోజుకి రెండుసార్లు, ఒక్కోసారి కనీసం 2 నిమిషాలు. వాపు ఉన్నన్నాళ్లూ 4 నిమిషాలు పట్టినా పట్టనివ్వండి. రాత్రిది మాత్రం తప్పకూడదు, నిద్రలో లాలాజలం తగ్గిపోతుంది కాబట్టి. పేస్టు బఠానీ గింజంత చాలు. ఉమ్మేశాక గ్లాసుడు నీళ్లతో కడిగెయ్యకండి, ఫ్లోరైడ్ కాసేపు పళ్ల మీద ఉండాలి.

బ్రష్ ఎంత బాగా చేసినా పళ్ల సందుల్లోకి వెళ్లదు, వాపు మొదలయ్యేదేమో అక్కడే. రెండు పళ్ల మధ్య ముక్కోణంలా ఉండే చిగురు చూడండి. బాగున్నప్పుడు దాని మొన సన్నగా, లేతగులాబీ రంగులో పన్నుని అంటిపెట్టుకుని ఉంటుంది (చర్మఛాయని బట్టి చిగురు కాస్త నల్లగా ఉండటమూ మామూలే). వాచినప్పుడు మొన గుండ్రంగా ఉబ్బి, నిగనిగలాడుతూ, కదిపితే వదులుగా ఊగుతుంది. అక్కడికి దారం, అంటే ఫ్లాస్, కావాలి. 45 సెంటీమీటర్లు తెంపి రెండు చేతుల నడిమి వేళ్లకీ చుట్టుకోండి, మధ్యలో రెండు మూడు సెంటీమీటర్లు బిగుతుగా ఉంచండి. సందులోకి అటూ ఇటూ ఆడిస్తూ దించాలి. ఒక్కసారిగా టక్కున దించితే చిగురు కోసుకుపోతుంది, అప్పుడొచ్చే రక్తం వాపు వల్ల కాదు, మీ చేతి వల్ల. దిగాక దారాన్ని ఒక పన్నుకి సగం చుట్టినట్టు వంచి, చిగురు కింద ఆగేదాకా మెల్లగా దించి, పన్నుని తుడుస్తున్నట్టు పైకీ కిందికీ ఐదారు సార్లు. తర్వాత అదే సందులో పక్క పన్నుకి. దారం వచ్చిన దారినే పోయేలా దించి తీసేస్తే ఒరిగేదేమీ లేదు, పన్ను చుట్టూ వంచడంలోనే పనంతా ఉంది.

సందులు కాస్త వెడల్పుగా ఉంటే ఫ్లాస్ కంటే సందుల బ్రష్ మేలు. చిన్న తీగ చుట్టూ కుచ్చులుంటాయి. తీగ పన్నుకి రాసుకోకూడదు, కుచ్చులు మాత్రం కొద్దిగా ఒరుసుకోవాలి, ఆ సైజు మీది. దీంట్లో ఒక మెలిక ఉంది: వాచిన చిగురు సందుని నింపేసి ఉంటుంది కాబట్టి మొదట చిన్న సైజే పడుతుంది. రెండు వారాలకి వాపు దిగాక అదే సైజు వదులైపోయి ఊరికే అటూ ఇటూ పోతుంది, తుడవదు. అప్పుడు ఒక సైజు పెంచాలి. చాలామంది పెంచరు, "మొదట్లో తగ్గింది, ఇప్పుడు పనిచెయ్యట్లేదు" అంటారు.

ఇలా చేస్తే మొదటి మూడు నాలుగు రోజులు రక్తం తగ్గకపోవచ్చు, పెరిగినట్టు కూడా అనిపించొచ్చు. వారం నుంచి పదిరోజులకి తేడా తెలుస్తుంది. 14 రోజులైనా అదేచోట రక్తం వస్తోందంటే అక్కడ గార ఉన్నట్టు లెక్క. పాచి తియ్యకుండా వదిలేస్తే లాలాజలంలోని కాల్షియం, ఫాస్ఫేట్ చేరి రాయిలా గట్టిపడుతుంది. నాలుక కింద లాలాజల గ్రంథుల నాళాలు తెరుచుకునేది సరిగ్గా మీ కింది ముందు పళ్ల వెనకే, అందుకే గార చాలామందికి ముందు అక్కడే పడుతుంది. నాలుకతో తడిమితే గరుగ్గా సిమెంటు తగిలినట్టుంటే అదే. అది ఏ బ్రష్‌తోనూ, ఏ పొడితోనూ పోదు, స్కేలింగ్ చేయించాలి. పిన్నులతోనో, ఆన్‌లైన్‌లో కొన్న ఇనప కొక్కేలతోనో గీకకండి. పైన కనిపించేది ఊడుతుంది, చిగురు కింద ఉన్నది ఉండిపోతుంది, మధ్యలో చిగురు చీరుకుపోతుంది.

నిదానంగా

చివరి పన్ను సంగతి నేను రాస్తాను. నోరు తెరిస్తే పట్టేసినట్టు, నమిలితే నొప్పి, తగ్గి తగ్గి రావడం. ఇవి మూడూ కలిస్తే మొదట అనుమానించాల్సింది సగమే మొలిచిన జ్ఞానదంతం. 17 నుంచి 25 ఏళ్ల మధ్య ఎక్కువ, ఆ తర్వాత కూడా రావొచ్చు. పన్ను మీద చిగురు ఒక మూతలా కప్పి ఉంటుంది, దాని కింద సంచిలాంటి ఖాళీ. తిన్నది అందులోకి దూరుతుంది, బయటికి రాదు. వాచిన మూత మీద పై పన్ను పడి నలుగుతుంది, నలిగితే ఇంకా వాస్తుంది. బుగ్గలో నీళ్లు పుక్కిలిస్తే ఆ మూత కిందికి పోవు. పోయే విధంగా పంపాలి.

కావాల్సింది 10 లేదా 12 మి.లీ. సిరంజి, కొన వంగి మొద్దుగా ఉన్న ప్లాస్టిక్‌ది. సూది అస్సలు వద్దు. కాచి గోరువెచ్చగా చల్లార్చిన 240 మి.లీ. నీళ్లలో అర టీస్పూను ఉప్పు, సుమారు 3 గ్రాములు, పూర్తిగా కరిగించండి. ఇంతకంటే ఎక్కువ ఉప్పు వేస్తే మంట తప్ప లాభం లేదు. ఇదే నీళ్లు పుక్కిలించడానికీ సరిపోతాయి, 30 సెకన్ల చొప్పున, రోజుకి మూడు నాలుగు సార్లు. ఏ పూటకాపూట కలుపుకోవాలి, నిల్వ ఉంచొద్దు.

సింకు మీదికి వంగండి. సిరంజి కొన బుగ్గవైపు నుంచి చిగురు మూత అంచు కిందికి రెండు మూడు మిల్లీమీటర్లు మాత్రం జార్చండి. మెల్లగా నొక్కండి. మొదటి సిరంజికి మబ్బుగా, తునకలతో, ఒక్కోసారి కంపు కొడుతూ వస్తుంది. రెండోదానికి నీళ్లు తేరుకోవాలి. తిన్న ప్రతిసారీ, ముఖ్యంగా రాత్రి పడుకునే ముందు. నొక్కితే నీళ్లు బయటికి రాకుండా లోపల ఒత్తిడి పెడుతున్నట్టుంటే కొన మరీ లోతుకి వెళ్లినట్టు, వెనక్కి లాగండి. చిక్కటి చీము వస్తే కడుగుతూ కూర్చోకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

ఆ పన్నుకి బ్రష్ అందకపోవడానికి చాలాసార్లు కారణం నోరు మరీ పెద్దగా తెరవడమే. బుగ్గ బిగుసుకుని బ్రష్‌ని నెట్టేస్తుంది. సగం మూసి చెయ్యండి, బుగ్గ వదులవుతుంది. ఒకే కుచ్చు ఉండే చిన్న బ్రష్ దొరికితే ఇంకా మంచిది.

ఎంతవరకు ఆగొచ్చు అన్నారు. చూపుడు, నడిమి, ఉంగరం వేళ్లు మూడూ ఒకదానిమీద ఒకటి నిలువుగా పై, కింది ముందు పళ్ల మధ్య పెట్టి చూడండి. మామూలుగా మూడూ పడతాయి. రెండే పడుతున్నాయంటే ఆరోజే చూపించుకోవాలి, ఎందుకంటే వాపు దవడ కండరం దాకా పాకుతోందన్నమాట. మూడూ పడుతూ, కడిగితే తగ్గుతుంటే వారంలోపు తీరిగ్గా వెళ్లి ఎక్స్‌రే తీయించుకోండి. పన్ను నిటారుగా ఉండి చోటుంటే మొలవనిస్తారు, అవసరమైతే మూత కత్తిరిస్తారు. దాని ముందున్న దవడ పన్ను మీదికి వాలిపోయి ఉంటే తీసెయ్యాల్సిందే. ఇది రెండోసారో మూడోసారో వచ్చిందంటే తీయించుకోవడం గురించి ఇప్పుడే మాట్లాడండి. వాపు లేనప్పుడు తీయించుకుంటే మత్తు బాగా ఎక్కుతుంది, మానడమూ తొందరగా మానుతుంది.

దవడ కిందికో మెడకో వాపు పాకడం, నాలుక కింది భాగం ఉబ్బి నాలుక పైకి లేచినట్టుండటం, మింగలేక చొంగ కారడం, గొంతు ముద్దగా మారడం, ఊపిరి ఆడకపోవడం, వాపు కన్ను దాకా పోవడం: ఇందులో ఏ ఒక్కటి ఉన్నా పళ్ల డాక్టర్ అపాయింట్‌మెంట్ కోసం ఆగకూడదు. అర్ధరాత్రైనా సరే పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకే. వాపుతో పాటు జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే ఆరోజే చూపించుకోవాలి.

కిటికీపక్కసీటు

రెండు వేళ్లు హాయిగా, మూడోది బిగుతుగా పడుతున్నాయి. నాలుకతో చూస్తే ముందు పళ్ల వెనక గరుకు ఉంది, కాబట్టి స్కేలింగ్, ఎక్స్‌రే రెండూ ఒకేసారి చూపించుకుంటాను. అందాకా ఇంట్లో ఉన్నవి: 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్, క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్, లవంగ నూనె. ఏది ఎలా వాడాలి? ఇంకో ప్రశ్న. ఇంట్లో పెద్దాయనకి బీపీ మాత్ర మొదలయ్యాక పై ముందు పళ్ల మధ్య చిగురు గట్టిగా పెరుగుతోంది, నొప్పి లేదు. అదీ ఇలాంటిదేనా?

మందులచీటీ

పెద్దాయన సంగతి ముందు, అది వేరే కాబట్టి. మాత్ర చీటీ మీద ఆమ్లోడిపిన్ అనో నిఫెడిపిన్ అనో ఉందేమో చూడండి. ఈ రకం బీపీ మందులు, మూర్ఛకి వాడే ఫెనిటాయిన్, అవయవ మార్పిడి తర్వాత వాడే సైక్లోస్పోరిన్, ఈ మూడింటికీ కొందరిలో చిగుళ్లు పెంచే గుణం ఉంది. సాధారణంగా మొదటి కొన్ని నెలల్లోనే ముందు పళ్ల సందుల్లో మొదలవుతుంది. వాపులా మెత్తగా కాకుండా గట్టిగా, బొడిపెల్లా ఉంటుంది. పాచి ఉన్నచోట ఎక్కువ పెరుగుతుంది కాబట్టి పైన చెప్పిన బ్రష్, సందుల శుభ్రం ఆయనకీ వర్తిస్తాయి. మాత్ర మాత్రం ఆయనంతట ఆయన ఆపకూడదు. రాసిన డాక్టర్‌కి చిగురు చూపిస్తే వేరే రకానికి మార్చగలరు, మార్చాక చాలామందికి నెలల్లో తగ్గుముఖం పడుతుంది.

క్లోర్‌హెక్సిడిన్ మీ దగ్గర ఉన్నవాటిలో బలమైనది. సీసా మీద 0.2 శాతం ఉంటే 10 మి.లీ. ఒక నిమిషం, 0.12 శాతం ఉంటే 15 మి.లీ. అర నిమిషం, రోజుకి రెండుసార్లు. సీసా మీద కలపమని రాసి ఉంటే తప్ప నీళ్లు కలపొద్దు. పేస్టుతో తోమిన వెంటనే వాడితే సగం వృథా. పేస్టులో నురగ కోసం వేసే సోడియం లారిల్ సల్ఫేట్ దాన్ని పనిచెయ్యనివ్వదు. అరగంట ఎడం ఇవ్వండి. పుక్కిలించాక అరగంట ఏమీ తినకండి, తాగకండి. వారం, ఎక్కువలో ఎక్కువ రెండు వారాలు, అంతే. దాటితే పళ్ల మీద, నాలుక మీద గోధుమరంగు మరకలు పడతాయి, రుచి మారుతుంది, గార ఇంకా తొందరగా కడుతుంది. ఆ మరక బ్రష్‌తో పోదు. దీన్ని ఏడాది పొడుగునా వాడేవాళ్లు ఉన్నారు, చిగురు జబ్బుని మరక కింద దాచుకోవడం తప్ప మరేం కాదు. వాడగానే దద్దుర్లు, పెదవుల వాపు, ఆయాసం వస్తే వెంటనే ఆపి ఆసుపత్రికి వెళ్లండి. అరుదు, కానీ ఉంది.

పెరాక్సైడ్ 3 శాతానికి సమానంగా నీళ్లు కలపండి, 1.5 శాతం అవుతుంది. సీసా 6 శాతంది అయితే ఒక వంతుకి మూడు వంతుల నీళ్లు. ఒక నిమిషం లోపు పుక్కిలించి ఉమ్మెయ్యండి, మింగకూడదు. నాలుగైదు రోజులు చాలు. ఎక్కువ రోజులు వాడితే చిగురు మండుతుంది, నాలుక మీద నల్లటి నూగు వస్తుంది. నిదానంగా గారు చెప్పిన సిరంజిలో మాత్రం పెరాక్సైడ్ నింపకండి. మూసుకున్న చోట అది ఆక్సిజన్ బుడగలు విడుస్తుంది, ఆ గాలి కండలోకి చొచ్చుకుపోతే ముఖం ఉబ్బిపోతుంది. సిరంజికి ఉప్పునీళ్లే. ఇంకోటి, ఈ రెండు మౌత్‌వాష్‌లూ ఒకేసారి అక్కర్లేదు. మీకైతే చివరి పన్ను కోసం క్లోర్‌హెక్సిడిన్ వారం రోజులు, అంతే.

లవంగ నూనె తిమ్మిరెక్కిస్తుంది, అందులోని యూజెనాల్ పని అది. వాపుని తగ్గించదు. నేరుగా రాస్తే చిగురు కాలి తెల్లగా పొర లేస్తుంది. తప్పదనుకుంటే ఒక చుక్కని ఒక టీస్పూను వంటనూనెలో కలిపి దూదితో అద్ది రెండు నిమిషాలకి తీసెయ్యండి. పిల్లలకి వద్దు. ఆస్పిరిన్ మాత్ర చిగురు మీద పెట్టుకునే అలవాటు ఇంకా పోలేదు, అది యాసిడ్, కాలిన గాయం చేస్తుంది. తిమ్మిరెక్కించే బెంజోకెయిన్ ఉన్న జెల్ రెండేళ్ల లోపు పిల్లలకి ప్రమాదం, రక్తం ఆక్సిజన్ మోసే శక్తిని దెబ్బతీస్తుంది.

నొప్పికి పెద్దవాళ్లు పారాసిటమాల్ 500 నుంచి 1000 మి.గ్రా., మోతాదుకీ మోతాదుకీ ఆరుగంటల ఎడంతో. 24 గంటల్లో మొత్తం 4 గ్రాములు దాటకూడదు, కాలేయం జబ్బు ఉంటే, మద్యం అలవాటుంటే ఇంకా తక్కువ. జలుబు మాత్రల్లో కూడా ఇదే ఉంటుంది, అదీ లెక్కలో వేసుకోండి. ఐబుప్రోఫెన్ 400 మి.గ్రా. వాపు నొప్పికి ఇంకా బాగా పనిచేస్తుంది, తిన్నాక వేసుకోవాలి. కడుపులో పుండు, కిడ్నీ జబ్బు, గుండె జబ్బు, రక్తం పలచబడే మందులు, గర్భం, ఆస్పిరిన్ పడని ఉబ్బసం ఉన్నవాళ్లు దాని జోలికి వెళ్లొద్దు. బుగ్గ మీద బయట నుంచి ఐసు గుడ్డలో చుట్టి 10 నిమిషాలు పెట్టొచ్చు. కాపడం వద్దు. పోయినసారి మిగిలిన యాంటీబయాటిక్ మాత్రలు అసలే వద్దు.

నీటిధార

పాచి_గార గారు నీటి ఫ్లాసర్ ఊసే ఎత్తలేదు. పళ్లకి తీగలు వేయించుకున్నవాళ్లకి, ఇంప్లాంట్లు, బ్రిడ్జిలు ఉన్నవాళ్లకి, వేళ్లు సరిగా వంగని పెద్దవాళ్లకి దారంతో కుస్తీ కంటే అదే నయం. గోరువెచ్చని నీళ్లు పోసి, వాపు ఉన్నన్నాళ్లూ అన్నిటికంటే తక్కువ ఒత్తిడి మీద, కొన చిగురు గీతకి అడ్డంగా 90 డిగ్రీల్లో పట్టి, ఒక్కో సందు దగ్గర రెండు సెకన్లు ఆగుతూ పోవాలి. నోరు కొద్దిగా తెరిచి సింకులోకి కారనివ్వాలి. చిగురు కిందికి గురిపెట్టకూడదు. మీ చివరి పన్ను మూత కిందికి కూడా దీంతో కొట్టకండి, సిరంజిలో చేతికి తెలిసే ఒత్తిడి ఇందులో తెలియదు.

స్కేలింగ్ అంటున్నారు కాబట్టి ఇదీ చెప్పాలి. "స్కేలింగ్ చేయిస్తే పళ్లు వదులైపోతాయి, సందులు పడతాయి" అన్న మాట వినే ఉంటారు. సందులు కొత్తగా పడవు. ఇన్నాళ్లూ ఆ సందుల్లో గార, వాచిన చిగురు నిండి ఉన్నాయి. గార పోయింది, చిగురు కుదించుకుంది, ఉన్న సందు బయటపడింది. ఎముక అప్పటికే తరిగి ఉంటే గారే పన్నుని పట్టుకున్నట్టు నిలబెడుతుంది, అది తీశాక కదులుతున్నట్టు తెలుస్తుంది. కదలిక స్కేలింగ్ తెచ్చింది కాదు. రెండు మూడు వారాలు చల్లటివి తగిలితే జివ్వుమంటుంది, సెన్సిటివిటీ పేస్టు పూటకి రెండుసార్లు కాదు, రోజుకి రెండుసార్లు వాడితే సర్దుకుంటుంది.

పాచి_గార

నీటి ఫ్లాసర్ వద్దనలేదండీ. దారం అస్సలు చెయ్యనివాళ్లకి అది చాలా మెరుగు. కానీ జిగురు పాచిని తుడవడంలో సందుల బ్రష్‌ని మించింది లేదు. చేతులు బాగున్నవాళ్లు ధార ఒక్కదానితో సరిపెట్టుకుంటే ముందు పళ్లు శుభ్రంగా ఉంటాయి, దవడ పళ్ల సందులు మిగిలిపోతాయి. అనుమానముంటే పాచికి రంగు అంటించే బిళ్లలు దొరుకుతాయి, ఒకటి నమిలి ఉమ్మి అద్దంలో చూసుకోండి. ఎక్కడ గులాబీ రంగు మిగిలిందో అక్కడ మీ పద్ధతి అందలేదన్నమాట.

రాత్రిబ్రష్

ఈ చర్చ వెతుక్కుంటూ ఇంకా చాలామంది వస్తారు కాబట్టి మిగిలినవి కొన్ని.

నోరంతా బాగుండి ఒక్క పన్ను దగ్గరే చిగురు వాస్తే అది పైన చెప్పిన లెక్కలోకి రాదు. ముందు ఆ సందులో ఏదైనా ఇరుక్కుందేమో చూడాలి. గింజ పొట్టులాంటి పలచటిది చిగురు కిందికి జారి కూర్చుంటే రెండు రోజుల్లో కందిపోతుంది. దారం మధ్యలో ఒక ముడి వేసి, సందులోకి దించి, పక్కకి లాగితే ముడి దాన్ని ఈడ్చుకొస్తుంది. ఏమీ రాకపోయినా, చిగురు మీద మొటిమలా లేచి చీము కారుతున్నా, పన్ను తట్టితే నొప్పి పుడుతున్నా అది చీముగడ్డ. పిప్పి పన్ను వేరు కింద నుంచో, చిగురుకీ పన్నుకీ మధ్య లోతు పెరిగిన చోటు నుంచో వస్తుంది. మొటిమ చిట్లగానే నొప్పి మాయమవుతుంది, చాలామంది తగ్గిపోయిందనుకుని ఊరుకుంటారు. ఒత్తిడి తగ్గింది కాబట్టి నొప్పి తగ్గింది, లోపల పని జరుగుతూనే ఉంటుంది. మాత్రలతో అణుగుతుంది గానీ చీము తీసి, రూట్ కెనాలో, చిగురు కింద లోతు శుభ్రమో, పన్ను తియ్యడమో చేస్తేగానీ పోదు. పిన్నుతో పొడవకండి.

గర్భిణులకి రెండో నెల నుంచి చిగుళ్లు వాచడం మామూలు, ఎనిమిదో నెల దాకా పెరుగుతూ పోవచ్చు. హార్మోన్ల వల్ల కొద్ది పాచికే ఎక్కువ వాపు వస్తుంది. కాన్పయ్యాక తగ్గుతుందిలే అని వదిలెయ్యక్కర్లేదు, స్కేలింగ్ గర్భంలో చేయించుకోవచ్చు, నాలుగు నుంచి ఆరు నెలల మధ్య కూర్చోవడానికి సుఖంగా ఉంటుంది. వేవిళ్లతో వాంతి అయిన వెంటనే బ్రష్ చెయ్యకండి. ముందు నీళ్లలో చిటికెడు వంటసోడా కలిపి పుక్కిలించి, అరగంట ఆగి చెయ్యండి, లేకపోతే యాసిడ్‌తో మెత్తబడిన ఎనామిల్ అరిగిపోతుంది.

షుగర్ ఉన్నవాళ్లకి చిగురు తొందరగా మానదు, చిగురు జబ్బు ఉంటే షుగర్ అదుపులోకి రావడం కష్టం. రెండింటికీ ఒకేసారి చూపించుకోవాలి. ఏ షుగరూ లేదనుకుంటూ తరచూ చిగుళ్లకి చీము పడుతున్నవాళ్లు ఒకసారి హెచ్‌బిఏ1సి (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) చేయించుకోవడం మంచిది.

పొగ తాగేవాళ్లకి "రక్తం రాదు కాబట్టి బాగున్నాయి" అన్న లెక్క పనికిరాదు. నికోటిన్ రక్తనాళాల్ని బిగించేస్తుంది, లోపల ఎముక తరుగుతున్నా పైకి చిగురు పాలిపోయి గట్టిగా కనిపిస్తుంది. చాలామందిలో మానేసిన కొన్ని వారాలకి రక్తం కనిపించడం మొదలవుతుంది. దాన్ని చూసి మళ్లీ మొదలెట్టేవాళ్లున్నారు. అది చిగురు తిరిగి బతకడం, చెడడం కాదు.

పళ్ల మధ్య చిగురు మొనలు ఎవరో గిల్లినట్టు తెగి, బూడిదరంగు పొర కట్టి, విపరీతమైన నొప్పి, కంపు ఉంటే ఇంటి వైద్యం ఆపి ఆరోజే వెళ్లండి. చిగుళ్లన్నీ ఒక్కసారిగా ఉబ్బి, ఒంటి మీద కారణం లేకుండా కమిలిన మచ్చలు, నీరసం, జ్వరం ఉంటే పళ్ల డాక్టర్ కంటే ముందు రక్తపరీక్ష చేయించాలి. కొత్త పేస్టు మార్చిన రోజుల్లోనే చిగుళ్లు ఎర్రగా మండుతుంటే ఆ పేస్టు ఆపి చూడండి, దాల్చినచెక్క రుచి వేసినవి కొందరికి పడవు.

కట్టుడు పళ్లవాళ్లు రాత్రి తీసి నీళ్లలో ఉంచండి, ఉదయం పెట్టుకునే ముందు వాటినీ, కింద చిగురునీ మెత్తటి బ్రష్‌తో తుడవండి. వేడినీళ్లు పొయ్యకండి, వంగిపోతాయి.

కిటికీపక్కసీటు గారూ, డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు బీపీ మాత్ర చీటీతో పెద్దాయన్ని కూడా తీసుకెళ్లండి. మీ చిగురు, పన్ను మధ్య లోతు ఎంతుందో కొలిచి చెప్పమని అడగండి. సన్న గీతల పుల్లతో నిమిషాల్లో కొలుస్తారు. 3 మిల్లీమీటర్ల దాకా మామూలు. 4, 5 వచ్చిన చోట్ల బ్రష్ అందదు, అక్కడ లోతు శుభ్రం చేయించుకుని మూడు నెలలకి మళ్లీ కొలిపించుకోవాలి. ఏ పన్నుకి ఎంతో కాగితం మీద రాయించుకుంటే తర్వాత పోల్చి చూసుకోవచ్చు.